ఖాతూన్‌బీ చూసి రాసిన వాన

అనంతపురంలో వాన కొలిచే ఉద్యోగం అంటే విన్నవాళ్లకు నవ్వొస్తుంది. నాకూ వచ్చింది. మా యూనివర్సిటీలో ఆ పని చేసే ఖాతూన్‌బీని మొదటిసారి చూసినప్పుడు, "అక్కా, ఏడాదికి నీకు పని ఎన్ని దినాలుంటాది?" అని ఎకసెక్కంగా అడిగాను. ఆమె కొంగు తల మీదికి సర్దుకుని, నా వైపు చూడకుండానే, "అన్ని దినాలూ ఉంటాది పాపా. వాన పడని పొద్దు పడలేదని ఎవరో ఒకరు చూడల్ల గదా," అంది. నేను పిహెచ్‌డీలో చేరిన కొత్త. మా ఇంట్లో అంత దూరం చదివింది నేనొక్కదాన్నే. ఆ గీరలో సగం ఆ రోజే దిగిపోయింది.

నా పేరు చంద్రిక. మా నాయన బాలప్ప ధర్మవరంలో పట్టుచీరలు నేస్తాడు. వాతావరణాన్ని కొలిచే పరికరాల మీద నాలుగేళ్లుగా పరిశోధన చేస్తున్నాను. నిజానికి ఇది నా గురించి కాదు, ఖాతూన్‌బీ గురించి. కానీ ఇందులో ఒక వెధవపని నేను చేశాను కాబట్టి నన్ను తీసేసి చెప్పడానికి లేదు.

ఖాతూన్‌బీది ముదిగుబ్బ పక్కన పల్లె. వాళ్ల నాయన గొర్రెలు కాసేవాడు. ఆమె పదో తరగతి పాసయిన ఏడే అనంతపురం పాతూరులో ఉండే అల్లాబకాష్‌కి ఇచ్చి పెళ్లి చేశారు. అల్లాబకాష్ గొడుగులూ కుక్కర్లూ బాగుచేస్తాడు. మొగుడు గొడుగులు కుడతాడు, పెళ్లాం వాన కొలుస్తుంది, ఈ ఊళ్లో వాళ్లింట పొయ్యి ఎట్లా వెలుగుతోందో అని మా డిపార్ట్‌మెంటులో ఒక పాత జోకు. అది అల్లాబకాష్ చెవిన కూడా పడింది. "ఎండకు గొడుగు పట్టే ఊరప్పా ఇది. నాకు పన్నెండు నెలలూ గిరాకీనే. పాపం, ఆమెదే తిప్పలు," అన్నాడట.

పెళ్లయిన కొత్తలో ఆమె యూనివర్సిటీ తోటలో కలుపు తీయడానికి కూలికి వచ్చేది. తోట మూలన కంచె వేసిన చిన్న మడి ఉంది. అందులో రెయిన్‌గేజి. పెద్ద బ్రహ్మాండమేమీ కాదు, పైన గరాటు, లోపల సీసా, చుట్టూ ఒక డబ్బా. దాన్ని చూసుకునే వెంకటేశులు రిటైరయ్యే ముందు ఆ పని ఎవరికి నేర్పాలా అని వెతుకుతున్నాడు. బియస్సీ చదివిన పిల్లోళ్లు ఇద్దరు వచ్చి వారం తిరక్కుండానే వెళ్లిపోయారు. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకు వచ్చి ఖాళీ సీసాను చూసి పోవడం వాళ్లకు నామోషీ అనిపించింది. ఖాతూన్‌బీకి అనిపించలేదు. వెంకటేశులు కొలతగ్లాసు ఆమె చేతికిచ్చి, నేల మీద పెట్టి, వంగి, కంటిని నీటి మట్టం దాకా దించి చూడమన్నాడు. "నిలబడి చూస్తే వాన ఎక్కువ కనిపిస్తాదమ్మా. మన జిల్లాలో అందరూ నిలబడే చూస్తారు," అన్నాడట. ఆ తర్వాత ఇరవై రెండేళ్లు ఆమె మోకాళ్ల మీద కూచునే చూసింది.

రంజాన్ పండగ నాడు కొత్తచీరతో, చేతి గోరింటాకుతో వచ్చేది. జ్వరమొస్తే తలకు గుడ్డ చుట్టుకుని వచ్చేది. ఏడాదికొక పుస్తకం. పేజీలో మూడు గళ్లు: తేదీ, వాన, గమనికలు. వాన గడిలో ఎక్కువగా సున్నాలే. గమనికల గడి మాత్రం నేను పనెగ్గొట్టి మరీ చదివేదాన్ని. 'మేక లోపలికి వచ్చింది, తరిమినా.' 'పడమటి గాలి, కండ్లలో దుమ్ము.' 'మబ్బు పట్టింది, బెంగళూరు తట్టు పోయింది.' చూసింది చూసినట్టు రాసేది, ఒక్క మాట ఎక్కువ ఉండేది కాదు.

ఆఫీసు అటెండరు మద్దిలేటి ఆమెను ఆటపట్టించని రోజు లేదు. "ఏమ్మా ఖాతూన్‌బీ, సున్నా రాసేదానికి పాతూరు నుంచి ఇంత దూరం రావల్లనా? ఇంట్లో కూచోని రాస్తే ఎవురు చూడొచ్చినారు?" అనేవాడు.

"పోయి చూసి రాస్తే అది సున్నా. పోకుండా రాస్తే అబద్ధం. రెండూ గుండ్రంగానే ఉంటాయప్పా, అందుకే నీకు తేడా తెలీలేదు," అనేది ఆమె.

పోయిన ఏడు సెప్టెంబరులో ఆ మడిలోనే ఒక ఆటోమేటిక్ మిషన్ పెట్టారు. వాన పడితే అదే లెక్కపెట్టుకుని అదే కంప్యూటరుకు పంపుతుంది. దాన్ని తెప్పించింది మా డిపార్ట్‌మెంటు పెద్ద వీరప్ప సార్. ఆయన చెడ్డవాడు కాదు. కార్యక్రమాలంటే పిచ్చి, అంతే. ఎక్కడ రిబ్బను కనపడినా కత్తెర కోసం చెయ్యి చాస్తాడు. ఆయుధపూజకు మైక్రోస్కోపు మొదలు జిరాక్సు మిషన్ దాకా అన్నిటికీ పసుపు కుంకుమ పెట్టించాడు. నేను ఆ రోజు ధర్మవరంలో మా మగ్గానికి పూజ చేసుకుంటున్నాను, అందుకని ఇక్కడ ఏం జరిగిందో చూడలేదు. ఫోటోలు మాత్రం గ్రూపులో వచ్చాయి. అందరూ దణ్ణాల బొమ్మలు పెట్టారు, నేనూ ఒకటి పెట్టాను.

జనవరిలో మిషన్ లెక్కా, ఖాతూన్‌బీ లెక్కా పక్కపక్కన పెట్టి చూస్తే కలవలేదు. అక్టోబరు పదకొండున మిషన్ 6.4 మిల్లీమీటర్ల వాన చూపించింది, ఖాతూన్‌బీ సున్నా రాసింది. ఆ తర్వాత నుంచి తలకిందులు. ఆమె ముప్పై ఎనిమిది రాసిన రోజు మిషన్ పదకొండు అంది. ఆమె ఇరవై రాస్తే మిషన్ ఆరంది. సార్‌కు చూపించాను. ఆయన కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, "మిషన్‌కు ఇల్లుందా, సంసారముందా? అబద్ధమెందుకు చెప్తాది? ఆయమ్మ ఇంట్లో కూచోని రాస్తాండాది. పరిశీలకురాలి తప్పిదం అని రాయి," అన్నాడు.

రాశాను. ఫిబ్రవరి సెమినార్‌కు ఆయన చదవబోయే ప్రసంగంలో, పద్నాలుగో స్లైడు మీద, ఇంగ్లీషులో ఆ మాట నా వేళ్లతో నేనే కొట్టాను. దాని కింద ఇంకో వాక్యం కూడా: చేత్తో తీసిన ఇరవై రెండేళ్ల లెక్కలు నమ్మదగినవి కావు, మార్చి నుంచి ఈ పని ఆపేయవచ్చు. నాకు అనుమానం రాలేదా అంటే వచ్చింది. కానీ నా గైడు ఆయన, నా థీసిస్ మీద పడాల్సిన సంతకం ఆయనది. నోరు మూసుకున్నాను. ఇప్పుడు తలుచుకున్నా సిగ్గేస్తుంది.

ఇక ఆ సెమినార్ సంగతి చెప్పాలి. 'సాంకేతిక పరిశోధన, శాస్త్రరంగంలో స్త్రీ పురుష సమతుల్యత' అని పేరు. మొదటి జాబితాలో పదకొండు మంది వక్తలు, పదకొండు మందీ మగవాళ్లే. సైన్సులో ఆడవాళ్లు ఎందుకు తక్కువ ఉన్నారని మగవాళ్లు పదకొండు మంది రెండు రోజులు ఆశ్చర్యపోతారన్నమాట. ఆ మాటే అంటే సార్ నొచ్చుకున్నాడు.

"ఆడోళ్లు లేరంటావేమి చంద్రికా? ప్రార్థన పాడేది ఆడోళ్లు, దీపం కాడ నిలబడేది ఆడోళ్లు, ముగ్గేసేది ఆడోళ్లు, బొకేలిచ్చేది ఆడోళ్లు. లెక్కేస్తే మగోళ్లే తక్కువ."

ఒళ్లు మండిపోయింది. నాకంటే ముందే ఒళ్లు మండినవాళ్లు సెమినార్‌కు నిధులిచ్చే చోట ఉన్నట్టున్నారు. వేదిక మీద కూచునేవాళ్లలో సగం మంది ఆడవాళ్లు ఉండాలనీ, ఫోటో పంపాలనీ ఉత్తరం రాశారు. ముగ్గుకు లెక్కలో చోటు లేదని అప్పుడు తెలిసింది. హడావుడిగా వేదిక మార్చారు. నాలుగు కుర్చీలు. వీరప్ప సార్, కర్నూలు ప్రొఫెసర్ ఒకాయన, బెంగళూరు నుంచి వచ్చే శాస్త్రవేత్త మేడమ్, విజయవాడ నుంచి రిటైరయిన ప్రిన్సిపాలమ్మ. ఇద్దరు ఇద్దరు, సరిసమానం. సార్ ఆ కాగితాన్ని రెండుసార్లు చదివి మురిసిపోయాడు.

సెమినార్ రోజు పొద్దున తొమ్మిదింటికి ఖాతూన్‌బీ హాలు గుమ్మం దగ్గర నిలబడి ఉంది. చేతిలో పెద్ద గోనెసంచి. లోపల ఇరవై రెండు పుస్తకాలు. అల్లాబకాష్ మోపెడ్ మీద తెచ్చి దించిపోయాడట. ముందు రోజు మద్దిలేటి ఆమెకు అంతా చెప్పేశాడు.

"చంద్రికమ్మా," అంది నన్ను పక్కకు పిలిచి. "ఉద్యోగం పోతే పోనీ. ఆయన కుక్కర్లు ఆయన చేసుకుంటాడు, తిండికేం తక్కువ లేదు. నేను అబద్ధం రాసినానని మాత్రం తెర మీద పడగూడదు. అది పడిందంటే ఇరవై రెండేండ్లూ నీళ్లపాలు. సార్‌కు పుస్తకాలు చూపించల్ల." సంచి కింద పెట్టి, "ఆ మాట ఎవురు రాసినారు పాపా?" అని అడిగింది.

"సార్‌నే అడుగక్కా," అన్నాను. అంత పిరికిదాన్నని నాకు అప్పటిదాకా తెలియదు.

సార్ అప్పుడే ఫోన్లో కేకలు పెడుతూ వచ్చాడు. విజయవాడ ప్రిన్సిపాలమ్మ గుంతకల్లులో కాఫీకని దిగిందట. కాఫీ బాగుందని రెండోది చెప్పిందట. రైలు ఆమె పెట్టెను మాత్రం తీసుకుని అనంతపురం వచ్చేసింది. "ఇద్దరు మగోళ్లు, ఒక ఆడమనిషి. లెక్క తప్పిపాయె," అని సార్ తల పట్టుకున్నాడు. టైము పది కావస్తోంది, ఫోటోగ్రాఫరు లైట్లు సర్దుకుంటున్నాడు. అప్పుడు సార్ కళ్లు ఖాతూన్‌బీ మీద పడ్డాయి. ఇస్త్రీ చీర, కళ్లజోడు, సంచి నిండా పుస్తకాలు. ఎవరు చూసినా ప్రొఫెసరనుకుంటారు.

"ఖాతూన్‌బీ, పైకెక్కి ఆ చివర కుర్చీలో కూచో."

"సార్, ఒక మాట చెప్పల్ల..."

"మాటేం చెప్పొద్దు. ఊరికే కూచోల్ల. మిగతావన్నీ తర్వాత."

ఆమె సంచితో సహా వేదికెక్కింది. మద్దిలేటి పరుగున వెళ్లి ప్రిన్సిపాలమ్మ పేరున్న పలకను ఖాళీ వైపుకు తిప్పాడు. ప్రార్థన అయింది, దీపం వెలిగింది, ఖాతూన్‌బీ మెడలో దండ, భుజాల మీద శాలువా పడ్డాయి. ఇంట్లో కూచుని అబద్ధాలు రాసిందని ఇంకో గంటలో తెర మీద పడబోయే మనిషికి ముందుగా సన్మానం చేశాం. నవ్వాలో ఏడవాలో తెలియక లాప్‌టాప్ వెనక నేను పెదాలు కొరుక్కుంటున్నాను.

బెంగళూరు మేడమ్ ఆమె పక్కనే. ఆ మేడమ్ పుట్టింది చిలమత్తూరు దగ్గరట, మాటలో సగం కన్నడం, సగం మన యాస. "మీది యాడమ్మా?" అని అడగడం, "ముదిగుబ్బ పక్కన" అని ఈమె చెప్పడం మైకులో సన్నగా వినపడింది. "ఏం చేస్తారు?" అంటే, "వాన చూస్తా" అంది. మేడమ్ కుర్చీ కొంచెం దగ్గరికి జరుపుకుంది.

వీరప్ప సార్ ప్రసంగం మొదలైంది. మిషన్‌కు పక్షపాతం లేదు, మిషన్‌కు అలసట లేదు, ఆడా మగా తేడా లేదు అంటూ గుక్కతిప్పుకోకుండా పోతున్నాడు. నేను ఒక్కో స్లైడూ నొక్కుతున్నాను. పదమూడు దాటింది. పద్నాలుగు నొక్కక తప్పలేదు.

తెర మీద రెండు వరసల అంకెలు. ఇంగ్లీషు వాక్యం ఖాతూన్‌బీకి గబుక్కున అర్థం కాలేదు గానీ, తేదీలకూ అంకెలకూ భాషేముంది? తన సున్నాను తను గుర్తుపట్టింది. కింద ఏం రాసుందని మేడమ్‌ను అడిగింది. మేడమ్ గొంతు తగ్గించి తెలుగులో చెప్పింది. ఖాతూన్‌బీ శాలువా తీసి మడిచి ఒళ్లో పెట్టుకుంది. మైకు దగ్గరికి జరుపుకుంది.

"సార్, ఆ పొద్దు వాన పడలేదు."

హాలులో నవ్వులు. సార్ తిరిగి చూసి, తను ఎవరిని వేదికెక్కించాడో అప్పుడు గ్రహించాడు. "మిషన్ రాసింది ఖాతూన్‌బీ," అన్నాడు, బుజ్జగిస్తున్నట్టు.

"మిషన్ ఏమి రాసిందో నాకు తెలీదు సార్. ఆ పొద్దుటి వాన మరుసటి పొద్దు ఎనిమిదిన్నరకు నేను పోయి చూసినా. సీసాలో తడి గూడ లేదు." సంచిలోంచి పుస్తకం తీసి, వేలు పెట్టి చదివింది. "సున్నా. గమనిక: ఎండ బాగుండాది. మిషన్ కాడ టెంకాయ చిప్పలు రెండు, బంతిపూలు. చీమలు పట్టినాయి."

"టెంకాయ చిప్పలా?" అంది మేడమ్.

నాకు ఆ క్షణంలో దిమ్మ తిరిగింది. ఆయుధపూజ. మా గ్రూపులో ఫోటో. ఆ ఫోటోనే సార్ ముచ్చటపడి ఈ సెమినార్ కరపత్రం అట్ట మీద వేయించాడు, హాలులో నూటఇరవై మంది చేతుల్లోనూ అది ఉంది, ఎవరూ సరిగ్గా చూడలేదు. నా లాప్‌టాప్‌లోనూ ఉంది. నా థీసిస్, సార్ సంతకం, మా నాయన మొహం గిర్రున తిరిగాయి. తిరగనీలే అనుకుని నొక్కేశాను.

తెర నిండా ఫోటో. వీరప్ప సార్ కళ్లు మూసుకుని, భక్తిగా, పగిలిన టెంకాయను మిషన్ గరాటు మీద వంచి పట్టుకున్నాడు. నీళ్లు ధారగా లోపలికి పోతున్నాయి. వెనక మద్దిలేటి గంట వాయిస్తున్నాడు. మూలన తేదీ, టైము: అక్టోబరు పదకొండు, పదకొండు గంటల పది నిమిషాలు.

ముందు ఎవరో ఒకరు కిసుక్కుమన్నారు. తర్వాత హాలు హాలంతా పగలబడింది. మేడమ్ మాత్రం నవ్వలేదు, కాగితం తీసుకుంది. "టెంకాయలో నీళ్లెంత ఉంటాయి?" అని అడిగింది. వ్యవసాయం డిపార్ట్‌మెంటు స్కాలరు ఓబిలేష్ లేచి, "పావు లీటరుకు కొంచెం తక్కువ మేడమ్, రెండొందల మిల్లీలీటర్లు అనుకోవచ్చు," అన్నాడు. గరాటు వెడల్పెంత అంటే ఇరవై సెంటీమీటర్లని నేను చెప్పాను. ఆమె భాగహారం చేసి, కాగితం పైకెత్తి చూపించింది. ఆరు పాయింట్ నాలుగు.

అప్పుడు లేచిన గోల నేను ఏ సెమినార్‌లోనూ వినలేదు. వెనక వరసలో ఈలలు. ఒకాయన నవ్వలేక కుర్చీ పట్టుకుని దగ్గుతున్నాడు. నేను లాప్‌టాప్ మీద వాలిపోయి ఏడుస్తూ నవ్వుతున్నాను. వీరప్ప సార్ తెర వైపు చూశాడు, కాగితం వైపు చూశాడు, మళ్లీ తెర వైపు చూశాడు. చివరికి చేతులు రెండూ జోడించి, "టెంకాయ నాదే. తప్పూ నాదే," అని ఆయన కూడా పొట్ట పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. నేను చెప్పాను కదా, చెడ్డవాడు కాదని.

ఇక కుర్చీల్లో ఎవరుంటారు? మేడమ్ ముందు, ఖాతూన్‌బీ ఆమె పక్కన, వెనక నూటఇరవై మంది ఎండలో తోటకు నడిచాం. సమోసాలు పట్టుకొచ్చిన క్యాంటీన్ వాళ్లు ఖాళీ హాలు చూసి మా వెనకే పరుగెత్తారు. మేడమ్ మిషన్ గరాటు విప్పింది. జల్లెడకు ఎండిన బంతిపూల రెక్కలు, మీద గట్టిగా పేరుకుపోయిన పసుపూ కుంకుమ. సూది దూరే సందు లేదు. వాన పడితే సగానికి పైగా నీళ్లు పైనే నిలిచి ఎండకు ఆవిరైపోయేవి. పసుపు కొంచెం దట్టంగా పెట్టమని సారే చెప్పినాడని మద్దిలేటి అందరికీ విడివిడిగా విన్నవించుకున్నాడు.

ఒక్క కర్నూలు ప్రొఫెసర్ మాత్రం కోటులో చెమటలు కక్కుతూ, "సరే, ఈమె ఆ ఒక్కరోజు నిజం రాసింది. తక్కిన ఎనిమిది వేల రోజులూ చూసే రాసిందని ఏమిటి నమ్మకం?" అన్నాడు. నవ్వులు ఆగిపోయాయి. మంట పుట్టినా, అడగాల్సిన ప్రశ్నే. ఆ ప్రశ్న నేను అడగకుండానే ఆమె మీద తీర్పు రాశాను.

ఖాతూన్‌బీ కిందికి వంగి సంచిలో వెతికింది. రెండువేల ఏడు పుస్తకం తీసి, సెప్టెంబరు పేజీ తెరిచి ఆయన చేతికిచ్చింది. ఒక తేదీ ఎదురుగా అంకె లేదు, సున్నా కూడా లేదు. అడ్డగీత. మరుసటి రోజు నుంచి నలభై రోజులు వేరే చేతిరాత.

"ఆ పొద్దు తెల్లారుజామున నొప్పులొచ్చినాయి సార్. ఆస్పత్రికి పోయినా. నా కొడుకు తౌఫిక్ పుట్టినాడు," అంది. "బయట కుండపోత అని నర్సమ్మ చెప్తానే ఉండె. వార్డులో అందరూ కిటికీ కాడికి పోయినారు. నేను లేచేటట్ల లేను. మరుసటి పొద్దు, రిటైరయినా నా బదులు వెంకటేశులన్న పోయి చూస్తే సీసా నిండి డబ్బాలోకి పొర్లింది. రెండు దినాలదీ కలిసి ఉండాది. అప్పుడుండిన పెద్దసారు సగం సగం రాయమన్నాడు. నేను చూడని వాన సగమో, ముక్కాలో నాకెట్ల తెలుస్తాది సార్? గీత గీసినా. ఇరవై రెండేండ్లలో ఇది ఒకటే ఉండాది. కావల్లంటే అన్ని పుస్తకాలూ చూడండి."

ప్రొఫెసర్ ఆ గీతను చాలాసేపు చూశాడు. అనంతపురంలో అంత వాన పడిన రోజు ఎవరైనా సంబరంగా రాసుకుంటారు. అందులోనూ కొడుకు పుట్టిన రోజు. ఆయన కోటు విప్పి చేతి మీద వేసుకుని, "నా పరిశోధనలో ఇట్లాంటి గీత ఒక్కటి కూడా లేదమ్మా," అన్నాడు. ఆ మాటతో ఎందుకో నాకు ఉండబట్టలేదు. జనం అందరి ముందూ, "అక్కా, ఆ పద్నాలుగో స్లైడు మీద రాసింది నేనే," అనేశాను.

"తెలుసు పాపా," అంది ఆమె పుస్తకం సంచిలో పెట్టుకుంటూ. "నిన్ననే మద్దిలేటి చెప్పినాడు. పొద్దున నువ్వు చెప్తావేమోనని అడిగినా."

చెంప మీద కొట్టినా అంత తగిలేది కాదు. ఆమె ఆ వెంటనే నా చేతిలో ఒక సమోసా పెట్టి, "తిను, మొహం పీక్కపోయింది," అంది.

మధ్యాహ్నం మళ్లీ వేదిక ఎక్కినప్పుడు మేడమ్ ఖాళీ పలక తీసుకుని స్కెచ్ పెన్నుతో 'ఖాతూన్‌బీ, వాన పరిశీలకురాలు' అని రాసి ఆమె ముందు పెట్టింది. ఆ సాయంత్రం సార్ నన్ను పిలిచి పద్నాలుగో స్లైడు తీసేయించాడు. మార్చిలో ఆపేస్తామన్న పని ఆపలేదు. మిషన్ సరిగ్గా లెక్కపెడుతోందో లేదో ఇప్పుడు ఆమె పుస్తకంతో పోల్చి చూస్తున్నారు. ప్రిన్సిపాలమ్మ సాయంత్రం ఆరింటికి చేరి, ఏం జరిగిందో విని, తను లేనప్పుడే జరిగిందే అని రెండు గంటలు బాధపడింది.

ఆగస్టులో సెమినార్ పుస్తకం అచ్చయి వచ్చింది. ఇరవై రెండేళ్ల వాన మీద మా వ్యాసం అందులో ఉంది. రాసినవాళ్లు ఇద్దరు: ఖాతూన్‌బీ, చంద్రిక. ఆమె పేరు ముందు. సార్ అడ్డం చెప్పలేదు. నేనే స్వయంగా పాతూరు వెళ్లి ప్రతి ఇచ్చాను. తౌఫిక్ పేర్లు పైకి చదివాడు, అల్లాబకాష్ ఆ పేజీ తెరిచి పట్టుకుని వీధిలో నాలుగు అంగళ్లు తిరిగొచ్చాడు. ఆమె మాత్రం పేరు మీద వేలు ఒకసారి పెట్టి తీసి, "పుస్తకం ఈడ పెట్టిపో పాపా," అంది. నాకు కొంచెం చిన్నబోయినట్టయింది.

మూడో రోజు పొద్దున తొమ్మిదింటికి ఫోన్ చేసింది.

"చంద్రికమ్మా, పట్టిక అంతా నా పుస్తకాలతో పెట్టి చూసినా. రెండువేల పదకొండు ఆగస్టు తప్పు పడింది. నేను రాసింది నూట పన్నెండు. ఈడ నూట ఇరవై ఒకటి ఉండాది."

పట్టిక కొట్టింది నేనే. రెండు వందల అరవై నాలుగు నెలల అంకెల్లో ఒకటి. పుస్తకం అచ్చయి అందరికీ వెళ్లిపోయింది. "అక్కా, తొమ్మిది మిల్లీమీటర్లే గదా, ఎవురు చూస్తారు..." అనబోయాను. ఆ మాట నా నోట్లో సగంలోనే ఆగింది, మద్దిలేటి నోట విన్నదేనని గుర్తొచ్చి.

ఆమె కోప్పడలేదు. "మొన్నటి దాకా అది నా వాన పాపా. తప్పు పడితే నేనొక్కదాన్నే పడేదాన్ని. ఇప్పుడు దాని మీద మన ఇద్దరి పేర్లూ ఉండాయి," అంది.

దిద్దుబాటు కాగితం ఒకటి అచ్చేయించి, పుస్తకం అందిన ప్రతివాళ్లకూ పంపించాను. అందులో తప్పు ఎవరిదో కూడా పేరు పెట్టి రాశాను.